కుడిచేతి మార్కులు

ఏటా ఆసుపత్రిలో జరిగే చేతి తనిఖీ పదకొండు గంటలకైతే జయలక్ష్మి టీచరు తొమ్మిదింటికే నొప్పి బిళ్ళ వేసుకునేది. పదిన్నరకల్లా అది పని మొదలుపెడుతుంది. పన్నెండున్నర దాకా మణికట్టు నోరు మూసుకుని పడి ఉంటుంది. ఈ వేళల సంగతి ఆమెకు ఏ డాక్టరూ చెప్పలేదు, ఐదేళ్లుగా తనే కనిపెట్టుకుంది. ముప్పై రెండేళ్లు ప్రొద్దుటూరు హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి, చొక్కా మడతలో చీటీ పెట్టుకొచ్చిన పిల్లవాణ్ణి నడక చూసి పట్టేసిన మనిషి, అరవై మూడేళ్ల వయసులో తనే చీటీ పెట్టుకుని పరీక్షకు పోతోంది. చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

"వేసుకున్నావా?" అని భర్త పద్మనాభయ్య అడిగేవాడు. ఆయన మున్సిపాలిటీలో గుమస్తాగా చేసి విరమించినవాడు. ఇంట్లో సీసా మూతలు తిప్పడం, తడిబట్టలు పిండడం, పచ్చడి రుబ్బడం, తలుపు గొళ్లెం తీయడం అన్నీ ఆయన చేతి మీదే జరిగేవి. ఎందుకు జరిగేవో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

ఆ పల్లకీ సంగతి కూడా చెప్పాలి. పన్నెండేళ్ల కిందట కీళ్లవాతం ఆమె కుడి మణికట్టును తినేసింది. సుద్దముక్క పట్టుకుంటే కళ్ల నీళ్లు తిరిగేవి. అప్పుడే చదువు ముగించుకుని ఊళ్లో ఆసుపత్రి పెట్టిన వివేక్, ఎనిమిదో తరగతిలో ఆమె దగ్గర చదువుకున్నవాడు. బయటి ఊరినుంచి ఒక పెద్ద డాక్టరును పక్కన నిలబెట్టుకుని, చెడిపోయిన ఎముకల చివర్లు తీసేసి, లోహంతో చేసిన కొత్త కీలు పెట్టాడు. అది అతని చేతుల మీద జరిగిన మొదటి మణికట్టు. ఆరు నెలలకు ఆమె మళ్లీ బోర్డు మీద రాసింది. ఆమె అలా రాస్తుండగా తీసిన ఫోటో ఇప్పటికీ అతని గదిలో గోడకు ఉంటుంది. వచ్చిన ప్రతి రోగికీ అది చూపించి, "నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది" అని చెబుతాడు.

ఏడేళ్లు ఆ చేయి నిజంగానే బంగారంలా పనిచేసింది. అందులో అబద్ధం లేదు. ఎనిమిదో ఏట లోపల ఏదో 'టిక్కు'మనడం మొదలైంది. తర్వాత నొప్పి వచ్చింది. ఆ ఏడు తనిఖీకి పోయినప్పుడు చెప్పేద్దామనే పోయింది. వివేక్ ఎదురొచ్చి కాళ్లకు దండం పెట్టి, "మేడం, మీ చేతిని చూసే నాకు ధైర్యం" అన్నాడు. ఆమె నోట "బాగుంది నాయనా" అనే మాట వచ్చింది. ఒకసారి వచ్చిన మాట మరుసటి ఏడు మరింత తేలిగ్గా వచ్చింది.

తనిఖీ అంటే ఇరవై ప్రశ్నల కాగితం. తాళం తిప్పగలరా, తువ్వాలు పిండగలరా, జడ వేసుకోగలరా, ఇట్లాంటివి. ఒక్కో దానికి ఐదు మార్కులు, మొత్తం నూరు. ఆమె ఎప్పుడూ తొంభై రెండో తొంభై నాలుగో వచ్చేట్టు చెప్పేది. నూటికి నూరు వేసుకుంటే దిద్దేవాళ్లకు అనుమానం వస్తుందని ఆమెకు తెలియనిదా? ఎక్స్‌రే మాట వచ్చినప్పుడల్లా, "బాగున్న చేతికి ఫిల్ము దండగ" అని కొట్టిపారేసేది. టీచరుకు ఎదురు చెప్పడం వివేక్‌కు అలవాటు లేదు. అట్లా ఐదేళ్లు ఫిల్ము లేకుండానే గడిచిపోయాయి.

ఈ ఏడు శుక్రవారం నాడు కూడా అంతా మామూలుగానే జరిగింది. పిడికిలి బలం కొలిచే మిషను పద్నాలుగు కిలోలు చూపించింది. కాగితం మీద తొంభై మూడు పడింది. లేవబోతుంటే వివేక్ ఆపాడు.

"మేడం, ఒక సాయం చేయాల. జమ్మలమడుగు నుంచి ఒకామె వచ్చింది, సుధారాణి అని. బళ్లో మధ్యాహ్న భోజనం వండుతాది. బరువులెత్తే చెయ్యి, ప్లేటు వేసి అతికించేద్దామంటాండా. నొప్పి పోతుంది, బలం ఉంటుంది, కాకపోతే మణికట్టు వంగదు. ఆమేమో మీ ఫోటో చూసి, నాకూ అట్లాంటి కీలే పెట్టు అంటాంది. మీ చెయ్యి ఎట్లుందో మీరే ఒక్క మాట చెప్పండి."

సుధారాణికి ముప్పై ఆరేళ్లుంటాయి. వాచిన మణికట్టును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జయలక్ష్మి చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, నిజంగా నొప్పి ఉండదా? వంగుతాదా?" అని అడిగింది.

"బాగుంటుందమ్మా," అంది జయలక్ష్మి. ఐదేళ్ల అలవాటు, నాలుక దానంతట అదే తిరిగింది.

"అయితే నాకు ఇదే చేయండి సారూ. సోమవారం వచ్చి చేరతా," అంది సుధారాణి.

బయటికి వస్తుంటే నర్సు ప్రశాంతి మెట్ల దాకా తోడు వచ్చింది. నోటి దూల కలిగిన పిల్ల, మనసు మంచిది. "మీ మాదిరి అందరూ జాగ్రత్తగా ఉంటే మాకు పనే ఉండదు మేడం. మీరు చెప్పి పంపినారే, పులివెందుల భారతమ్మ, మూడేండ్లకే కీలు వదులు చేసుకున్యాది. పోయినేడు సారు దాన్ని తీసేసి అతికించినాడు. బరువులెత్తొద్దంటే ఇనలేదు," అంది.

జయలక్ష్మి మెట్ల కమ్మీ పట్టుకుంది. బిళ్ళ పనిచేస్తూనే ఉంది కాబట్టి చేయి నొప్పి తెలియలేదు.

భారతమ్మ నాలుగేళ్ల కిందట, ఆపరేషన్‌కు ముందు, ఆమె ఇంటికి వచ్చింది. పులివెందుల పక్కన చీనీ బత్తాయి తోట, బోరు, రెండు బర్రెలు ఉన్న రైతు కుటుంబం. "డాక్టరు సారు రెండు కిలోలకు మించి ఎత్తొద్దంటాడు టీచరమ్మా, ఎత్తకుండా మా ఇంట్లో ఎట్ల జరుగుతాది?" అని దిగులుగా అడిగింది. అప్పటికే జయలక్ష్మి చేయి ఏడాదిగా నొప్పి పుడుతోంది. అయినా తన వివేక్ పనితనం ఒకరి ముందు తక్కువ కాకూడదు. "డాక్టర్లు అట్లే అంటారులే. ఇంటి పనులు మానుకుని కూర్చుంటామా?" అని, పంపు కింద నిండి ఉన్న ఇత్తడి బిందెను కుడిచేత్తో లేపి పీట మీద పెట్టింది. లోపల కీలు కదిలిన చప్పుడు తనకు వినిపించింది. తేలు కుట్టిన దొంగలా పెదవులు బిగించి నవ్వింది. భారతమ్మ కళ్లు మెరిశాయి. ఆమె అటు పోగానే పద్మనాభయ్య తడిగుడ్డ తెచ్చి చేతికి చుట్టాడు.

ఆపరేషన్ అయ్యాక భారతమ్మ ఏటా రెండు కాపులకూ ఒక్కో గోతం చీనీకాయలు బస్సులో పంపేది. రెండు కాపులుగా రాలేదు. "ఏమబ్బా, భారతమ్మ మరిచిపోయినట్టుంది" అని జయలక్ష్మి రెండుసార్లు అన్నది కూడా. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఇంటికి పోయి భోజనం చేయలేదు. "ఆదివారం పులివెందులకు పోదాం," అంది. పద్మనాభయ్య ఎందుకని అడగలేదు. "ఎర్రగుంట్ల మీదుగా పోయే బస్సు ఏడింటికి," అన్నాడు.

భారతమ్మ ఇల్లు తోటలోనే ఉంది. వాళ్లను చూడగానే ఆమె కుడిచేతి మీదికి కొంగు లాక్కుంది. కాఫీ తెచ్చిన గ్లాసులు కూడా ఎడమచేత్తోనే ఒక్కొక్కటిగా అందించింది. "శానా దినాలకు వచ్చినారు టీచరమ్మా," అని, కళ్లు మాత్రం పైకెత్తలేదు. తప్పు చేసిన పిల్లలు అట్లా నిలబడతారని జయలక్ష్మికి తెలుసు. తప్పు చేసింది తనైతే ఆమె అట్లా నిలబడడం చూడలేకపోయింది.

"భారతమ్మా, కూర్చో. నేను చెప్పేది విను," అంది. "నా చెయ్యి బాగలేదు. ఐదేళ్లుగా బాగలేదు. నువ్వు మా ఇంటికి వచ్చినప్పటికే చెడింది. ఆ పొద్దు బిందె ఎత్తి చూపించినానే, అది నాటకం. బరువులెత్తొచ్చని నీకు చెప్పింది అబద్ధం."

భారతమ్మ కొంగు జారి చేయి బయటపడింది. మణికట్టు వెనక నిలువునా కుట్ల గీత. చేయి కర్రలా నిటారుగా ఉంది.

"ఏడాదిగా మా ఇంట్లో ఒకటే మాట టీచరమ్మా," అంది. "టీచరమ్మ చెయ్యి పన్నెండేండ్లుగా ఉండాది, నీది మూడేండ్లకే పాయ, నువ్వే చెడగొట్టుకుంటివి అని. మా అత్త అనె, మా ఆయప్ప అనె. కడాకు నేను గూడా అదే అనుకుంటి. సిగ్గై నీకు కాయలు పంపేది మానుకుంటి. ఏ మొగం పెట్టుకోని పంపేది అని."

జయలక్ష్మి చేయి చాచి ఆమె చేతిని పట్టుకోబోయింది. భారతమ్మ చేతిని వెనక్కి తీసుకుని లేచి, తోటలోకి కేకేసింది. ఆమె భర్త నారాయణరెడ్డి పారతో, మట్టికాళ్లతో వచ్చి అరుగు మీద నిలబడ్డాడు.

"ఇప్పుడు నాకు చెప్పిందే ఆయనకు చెప్పు," అంది భారతమ్మ.

జయలక్ష్మి చెప్పింది. మొదటిసారి కంటే మాటలు ఇంకా బరువుగా వచ్చాయి.

"అత్తా, నువ్వు గూడా రా," అంది భారతమ్మ. ముసలామె గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. జయలక్ష్మి మూడోసారి చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు, మొదటినుంచి చివరిదాకా. ముసలామెకు చెముడు, బిందె ఎత్తిన మాట దగ్గర "ఏందీ?" అంది. అది మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పద్మనాభయ్య నేల చూస్తూ కూర్చున్నాడు.

నారాయణరెడ్డి పార గోడకు ఆనించి పద్మనాభయ్య వైపు తిరిగాడు. "సామీ, మీ ఇంటామె ఇంత దూరం వచ్చి చెప్తాంటే నమ్మకుండా ఎట్లుంటాం? కానీ కాగితంలో అట్ల లేదు గదా," అని లోపలికి పోయి ఆసుపత్రి ఫైలు తెచ్చాడు. "మా పాప సింధూ చదివి చెప్పె. రోగి అజాగ్రత్త వల్ల, చెప్పినా వినకుండా బరువులెత్తినందువల్ల కీలు చెడిందని డాక్టరే రాసినాడు. బంధువులందరికీ ఇదే తెలుసు. నోటిమాట ఎంతమందికి చెప్పుకుంటాం?"

జయలక్ష్మి ఆ ముక్క తానే చదువుకుంది. ఇంగ్లీషులో ఒక్క వాక్యం, కింద వివేక్ సంతకం. ఆమె చెప్పిన అబద్ధం ఇంకొకరి పేరు మీద కాగితంలోకి ఎక్కి కూర్చుంది.

బయల్దేరేటప్పుడు భారతమ్మ వాకిలి దాకా వచ్చింది. "కాయలు ఇయ్యలేదని అనుకోవద్దు టీచరమ్మా. తోటనిండా ఉండాయి. ఈ పొద్దు ఇయ్యబుద్ధి కాల్యా," అంది.

"నేను అడిగే మొహం కాదులే," అంది జయలక్ష్మి.

తిరుగు బస్సు జమ్మలమడుగు మీదుగా వచ్చింది. బస్టాండులో పది నిమిషాలు ఆగింది. సుధారాణి వండే బడి అక్కడికి దగ్గరేనని శుక్రవారమే తెలుసుకుంది. దిగి అడుగుతూ పోతే ఇల్లు దొరుకుతుంది. పద్మనాభయ్య సంచి చేతికి తీసుకుని ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒకే రోజు రెండుసార్లు తల దించుకునేంత ధైర్యం రాలేదు, అదీ నిజమే, చెప్పుకోవాలి. బస్సు కదిలింది.

సోమవారం తొమ్మిదింటికి పద్మనాభయ్య అలవాటు ప్రకారం బిళ్ళ, నీళ్లు తెచ్చి ముందర పెట్టాడు. ఆమె గ్లాసును పక్కకు జరిపింది. "నేను కూడా నాలుగేండ్ల కిందటే చెప్పాల్సింది జయా. గుడ్డ చుడుతూ ఊరుకున్నాను," అన్నాడాయన. ఆటోలో కుదుపు కుదుపుకూ మణికట్టు పలుకుతూనే ఉంది.

వివేక్ గదిలో సుధారాణి బట్టల సంచితో కూర్చుని ఉంది. ఆమె లేవబోతే జయలక్ష్మి వద్దని, "ఇది నీ ఎదురుగానే జరగాల," అంది. తర్వాత వివేక్‌తో, "నాకు పరీక్ష మళ్లీ పెట్టు నాయనా," అంది.

అతనికి అర్థం కాకపోయినా మిషను చేతికిచ్చాడు. ముల్లు మూడు కిలోల దగ్గర ఆగిపోయింది. తాళంచెవి ఇచ్చాడు. ఆమె దాన్ని తిప్పలేకపోయింది. అది చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

"ఏమైంది మేడం? యాడన్నా పడినారా?"

"పడలేదు. శుక్రవారం కూడా ఇంతే. తొమ్మిదింటికి బిళ్ళ వేసుకుని వచ్చినాను. ఐదేళ్లుగా అట్లే వస్తాండాను. ఆ మార్కులన్నీ దొంగ మార్కులు."

వివేక్ ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మును వెలుతురుకు పెట్టి చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు. లోహపు కాడ చుట్టూ ఎముక అరిగి నల్లటి చార కనిపిస్తోంది. కీలు ఒక పక్కకు ఒరిగింది. కాసేపటికి వచ్చి కూర్చున్నాడు. నలభై మూడేళ్ల డాక్టరు ముఖం ఎనిమిదో తరగతి పిల్లవాడి ముఖంలా అయింది.

"ఫిల్ము వద్దని మీరు అడ్డం పడినప్పుడే నాకు అనుమానం వచ్చింది మేడం," అన్నాడు. "గట్టిగా అడగలేదు. అందులో ఏం కనిపిస్తాదో అని భయపడితిని."

సుధారాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే శుక్రవారం నాకు చెప్పింది కూడా అబద్ధమేనా?"

"అబద్ధమే," అంది జయలక్ష్మి.

"ఆ పులివెందులామెకు అతికించినారంట గదా సారూ, నర్సమ్మ చెప్పె. ఆమె నెంబరు ఇయ్యండి. ఆమెనే అడుగుతా. అంతదాకా నేను చేరను," అని సుధారాణి సంచి ఎత్తుకుని బయటి బెంచీ మీదికి పోయి కూర్చుంది. జయలక్ష్మి వైపు మళ్లీ చూడలేదు. ఒక ఊరు ఊరంతా నమ్మిన టీచరు మాటను వండేటి మనిషి ఒక్క నిమిషంలో పక్కన పెట్టేసింది, పెట్టాల్సిందే.

జయలక్ష్మి బడిలో ఒక పద్ధతి పాటించేది. చూసి రాసిన పిల్లవాణ్ణి కొట్టేది కాదు. ఎర్రపెన్ను వాడి చేతికే ఇచ్చి, తన మార్కులు తానే కొట్టేసుకుని సున్నా చుట్టమనేది. వివేక్ కూడా ఒకసారి అట్లా చుట్టినవాడే. ఆమె బల్ల మీది ఎర్రపెన్ను తీసుకుని, "నా ఫైలు తెప్పించు," అంది. ఐదేళ్ల కాగితాలు వరసగా పరిచి, ఒక్కో మొత్తాన్నీ అడ్డంగా కొట్టేసింది. తొంభై రెండు, తొంభై నాలుగు, తొంభై నాలుగు, తొంభై ఒకటి, తొంభై మూడు. ఐదో గీత వంకరగా పోయి కాగితం చిరిగింది.

"ఇంక భారతమ్మ ఫైలు," అంది.

వివేక్ ఆ ఫైలు తెరిచి తను రాసిన వాక్యం చదివాడు. ఎర్రపెన్ను కోసం ఆమె అడగకుండానే చేయి చాచాడు. ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాడు.

"చాలదు. వాళ్లింట్లో అందరూ చదువుకునేట్టు తెలుగులో రాయాలి. నేను చెప్తా, నువ్వు రాయి," అంది జయలక్ష్మి.

అతను తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. ఆమె చెప్పింది, అతను రాశాడు. 'భారతమ్మ చేతిలోని కీలు చెడిపోవడానికి కారణం ఆమె అజాగ్రత్త కాదు. బరువులెత్తవచ్చని ఆమెను నమ్మించింది జయలక్ష్మి టీచరు. బరువు ఎత్తని జయలక్ష్మి చేతిలో కూడా అదే కీలు వదులైంది. ఆ సంగతి ఆమె ఐదేళ్లు దాచింది. డాక్టరు విచారించలేదు.' చివరి వాక్యం ఆమె చెప్పలేదు. అతనే కలిపి రాశాడు.

అతను సంతకం చేసి కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఆమె పెన్ను అందుకుంటుంటే అది వేళ్లలోంచి జారడం చూసి, "ఎడమచేత్తో పెట్టండి మేడం, ఏం కాదు," అన్నాడు.

"లేదు నాయనా. భారతమ్మ నమ్మింది ఈ చేతినే," అంది.

పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. 'జ' ఒరిగింది, 'క్ష్మి' సగంలో విరిగింది, తలకట్టు ఎక్కడో పైన పడింది. ఆమె దగ్గర చదివిన పిల్లలెవరైనా అట్లా రాసుంటే మళ్లీ దిద్దమనేది. ఆమె దాన్ని దిద్దకుండా అట్లాగే మడిచి, పులివెందుల చిరునామా చెప్పింది.